కుర్చీలోంచి లేవని డాక్టరమ్మ

బస్సు దారివ్వడం లేదు.

1954 జనవరి. రాయవేలూరు దాటాక తారు రోడ్డు. స్టేషన్ వ్యాగన్ నిండా కుర్ర డాక్టర్లు. పిక్నిక్‌కి బయల్దేరారు. ఆ పూటకి వార్డుల గోల లేదు, రాత్రి డ్యూటీల బెంగ లేదు. అడ్డమల్లా ముందున్న బస్సే. దాటేద్దామనుకున్నాడు స్టీరింగు పట్టుకున్నాయన. పక్కకి తిప్పాడు.

ఆ తర్వాతదంతా రెప్పపాటు. బస్సు పక్కనుంచి దూసుకెళ్ళిన బండి అదుపు తప్పి, రోడ్డు అంచు దిగి, పల్టీలు కొట్టుకుంటూ పోయి, లోపల అప్పటిదాకా నవ్వుకుంటున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి, ఎవరి చెయ్యి ఎక్కడుందో ఎవరి తల ఎక్కడుందో తెలియకుండా కలగాపులగమైపోయి, చివరికి ఎక్కడో ఆగింది. మూలుగులు. కట్టు కట్టాల్సినవాళ్ళూ డాక్టర్లే, కట్టించుకోవాల్సినవాళ్ళూ డాక్టర్లే. అందులో ఒకమ్మాయి కదలడం లేదు.

పేరు మేరీ వర్గీస్. వయసు 28. కొచ్చి దగ్గర చెరాయి ఆమె ఊరు. ఎంబీబీఎస్ పాసయ్యి ఎన్నాళ్ళో కాలేదు. ఆడవాళ్ళ డాక్టరు కావాలని, కాన్పులు చెయ్యాలని ఆశ. ఇప్పుడు చెంప ఎముక దగ్గర్నుంచి గడ్డం దాకా ముఖం చీరుకుపోయి ఉంది. అది కళ్ళకి కనపడే గాయం. కాళ్ళు మాత్రం పిలిచినా పలకడం లేదు.

ఏ ఆస్పత్రిలో తెల్లకోటు వేసుకుని తిరిగిందో ఆ ఆస్పత్రికే మోసుకొచ్చారు. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. 1900లో అమెరికా డాక్టరమ్మ ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన చోటు. చిత్తూరు నుంచి పొద్దున బండెక్కితే ఎండెక్కే లోపు చేరొచ్చు. మన వైపువాళ్ళకి అప్పుడూ ఇప్పుడూ ‘రాయవేలూరు ఆస్పత్రి’ అంటే చాలు.

వెన్నుపాము దెబ్బతిందో లేదో తేల్చడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. గుండుసూది చాలు. కాలి బొటనవేలి దగ్గర మొదలుపెడతారు. పొడుస్తారు. తెలుస్తోందా? లేదు. పాదం. లేదు. పిక్క. లేదు. సూది మోకాలు దాటి, తొడ దాటి పైకి పాకుతూ ఉంటుంది, మంచం మీదున్న మనిషి ఊపిరి బిగబట్టి ఇప్పుడైనా ఇప్పుడైనా అని ఎదురుచూస్తూ ఉంటుంది, చివరికి ఎక్కడో ఒకచోట చురుక్కుమంటుంది. అక్కడ గీత గీస్తారు. గీతకి పైన ఒళ్ళు మనది. కింద మనది కాదు. మేరీకి ఆ గీత నడుము దగ్గర పడింది.

ఎముక విరిగితే అతుక్కుంటుంది. వెన్నుపూసలూ అతుక్కుంటాయి. ఆ పూసల మధ్య సన్నటి దారిలోంచి దిగే వెన్నుపాము మాత్రం తెగితే తెగిందే. ఈ సంగతి డాక్టరీ చదివిన ఎవరికైనా తెలుసు. మంచం మీదున్న పేషెంటు డాక్టరీ చదివింది.

నడ్డి విరిగిన మనిషికి అప్పట్లో ఏం రాసిపెట్టి ఉండేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుకి తూటా తగిలిన సైనికుల్లో చాలామంది ఇల్లు చేరకుండానే పోయారు. చంపింది తూటా కాదు. కదలకుండా పడుకోబెడితే నడుము కింద, మడమల కింద ఒరుసుకుపోయి పడిన పుండు చంపింది. మూత్రాశయంలో పట్టిన చీము చంపింది. ఎలాగూ పోయేవాళ్ళే కదా అన్న ఆస్పత్రుల ధీమా కూడా కొంత చంపింది. 1944లో ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ అనే చోట లుడ్విగ్ గుట్మాన్ అడ్డం తిరిగాడు. జర్మనీ నుంచి ప్రాణాలరచేత పెట్టుకుని పారిపోయి వచ్చిన యూదు డాక్టరాయన. రెండు గంటలకోసారి, పగలూ రాత్రీ, ప్రతి పేషెంటునీ పక్కకి తిప్పాల్సిందే అన్నాడు. పుండ్లు మానాయి. జనం బతికారు. 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆయన తన పేషెంట్లని చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టి విల్లంబుల పోటీ పెట్టాడు. ఇవాళ్టి పారాలింపిక్స్‌కి పునాది అదే.

సరే, బతికారు. బతికి ఏం చెయ్యాలి?

రాయవేలూరు మంచం మీద అదే ప్రశ్న పడి ఉంది.

ఎండాకాలం వచ్చింది. ఆ ఊరి గురించి ఒక మాటుంది. నీళ్ళు లేని ఏరు, చెట్లు లేని కొండలు, రాజు లేని కోట, దేవుడు లేని గుడి. అప్పటికి అన్నీ నిజమే. పాలారు ఎండి ఇసక తేలి ఉంటుంది. కోటలో జలకంఠేశ్వరుడి గుడికి అప్పటికింకా మూలవిరాట్టు లేదు, 1981 దాకా రాలేదు. బోడి కొండలు పగలంతా కాగి, రాత్రంతా ఆ సెగ ఊరి మీదకి వదులుతాయి. 110 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ. ఆ ఎండలో, ఒళ్ళంతా బిగించేసిన కట్లలో, పక్కకి తిరగాలన్నా ఇంకొకళ్ళు వచ్చి తిప్పాల్సిన స్థితిలో మేరీ నెలల తరబడి పడుకుని ఉంది. కదలని కాళ్ళు ఊరికే ఉంటాయా అంటే అదీ లేదు. ఉన్నట్టుండి వాటంతటవే బిగుసుకుంటాయి, ఎగిరిపడతాయి. తన మాట వినవు, తన ఇష్టం లేకుండా ఆడతాయి. ముఖం మీద మచ్చ మానింది, పోలేదు.

ఒకరోజు ఆ గదిలోకి పాల్ బ్రాండ్ వచ్చాడు.

ఎముకల సర్జన్. ఇంగ్లీషాయనే గానీ పుట్టింది మన దక్షిణాదిలోనే, కొల్లి కొండల్లో, 1914లో. 1946 నుంచి రాయవేలూరులోనే కాపురం. మంచం పక్కన నిలబడి ఆయన చెప్పిందల్లా ఒకటే. డాక్టరుగా ఇకముందు ఏం చెయ్యాలో ఆలోచించుకోవాల్సిన సమయం వచ్చిందని.

మేరీ వేళాకోళం అనుకుంది.

కూర్చోలేని మనిషి. నడుము కింద ఒళ్ళుందో లేదో తెలియని మనిషి. కాన్పుల గదిలో ఎనిమిది గంటలు నిలబడగలదా? రాత్రి రెండింటికి పిలిస్తే మెట్లెక్కి పరిగెత్తగలదా? చెయ్యలేని పనుల జాబితా పొడుగ్గా ఉంది. కానీ బ్రాండ్ మనసులో ఇంకో జాబితా ఉంది. అందులో ఒక్కటే పని. ఆ పనికి మనుషులు దొరకడం లేదు.

పెద్దరోగం.

కుష్ఠు అనడానికి కూడా నోరు రాక జనం పెట్టుకున్న పేరు అది. ఆ రోగులు బజార్లో కనిపిస్తే తప్పుకుని పోయే కాలం. వేళ్ళు ముడుచుకుపోయి, మొండివైపోయి ఉంటాయి. రోగమే వేళ్ళని తినేస్తుందని అందరూ నమ్మేవాళ్ళు, డాక్టర్లతో సహా. బ్రాండూ కొన్నాళ్ళు నమ్మాడు. ఒకసారి సామాన్ల గది తలుపు దగ్గర తుప్పు పట్టిన తాళం తిప్పలేక ఆయన తంటాలు పడుతున్నాడు. పదేళ్ళ పిల్లాడొకడు వచ్చాడు. పేషెంటు. బక్క ప్రాణం. నేను తీస్తానని తాళంచెవి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. తాళం ఊడింది. ఇంత బలం వీడికెక్కడిది అని బ్రాండ్ ఆశ్చర్యపోయే లోపే నేల మీద నెత్తురు చుక్క పడింది. పిల్లాడి వేలు పట్టుకుని చూశాడు. చర్మం తెగి, కండ తెగి, లోపల ఎముక తెల్లగా కనపడుతోంది.

పిల్లాడికి ఆ సంగతే తెలియదు.

బలం కాదది. నొప్పి లేకపోవడం. నొప్పి తెలిసినవాడు తాళంచెవి నొక్కుకోగానే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. వీళ్ళకి ఆపే నాథుడు లేడు. పొయ్యి మీద గిన్నె చేత్తో దించుతారు, కాలుతుంది, తెలియదు. మేకు గుచ్చుకున్న కాలితో రోజంతా నడుస్తారు, తెలియదు. రోగం నరాన్ని చంపుతోంది, వేళ్ళని పోగొడుతున్నది మాత్రం రోజువారీ బతుకు. ఇది పట్టుకున్నాక బ్రాండ్ పని రెండు పాయలైంది. ముడుచుకుపోయిన చేతుల్ని కోసి సరిచెయ్యడం ఒకటి. ఆ చేతుల్ని మళ్ళీ పోగొట్టుకోకుండా బతకడం నేర్పడం రెండోది. దానికోసం కాలేజీ ఆవరణలోనే నవజీవ నిలయం అని చిన్న ఊరులాంటిది కట్టించి వడ్రంగం నేర్పించాడు. అక్కడ కుర్రాళ్ళు చెక్క బొమ్మలు చేసేవాళ్ళు. ఉలి ఎక్కడ పట్టుకోవాలి, పని అయ్యాక చేతులు ఎలా చూసుకోవాలి అన్నదే అసలు పాఠం.

కూర్చోగలిగాక మేరీని ముందు ఆ రోగుల మధ్యకి తీసుకెళ్ళారు. చక్రాల కుర్చీలో. ముఖం మీద మచ్చతో. అప్పటిదాకా తమ ఖర్మని తిట్టుకుంటూ కూర్చున్నవాళ్ళు, ఈవిడ గదిలోకి రాగానే ఆ ఊసెత్తడం తగ్గించారని బ్రాండ్ గమనించాడు. సముదాయించింది లేదు, బోధించింది లేదు. కుర్చీ వచ్చింది, అంతే.

మరి ఆపరేషన్?

చేతి ఆపరేషన్‌లో ఒక సుగుణం ఉంది. దాన్ని నిలబడి చెయ్యరు. రెండు కాళ్ళూ బాగున్న సర్జనైనా సరే, కుర్చీ లాక్కుని కూర్చునే చేస్తాడు. పేషెంటు చెయ్యిని చిన్న బల్ల మీద చాపుతారు, సర్జన్ దానికి ఎదురుగా కూర్చుంటాడు. వరసగా గంటలు కూర్చోగలిగితే చాలు.

థియేటరు. నెత్తిన లైటు. దాని సెగ. మాస్కు వెనక చెమట. జబ్బకి రబ్బరు పట్టీ బిగించి నెత్తుటి దారి మూసేశారు. బల్ల మీద చెయ్యి పాలిపోయి ఉంది, వేళ్ళు నాలుగూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి. వేళ్ళని చాపే చిన్న కండలు చచ్చిపోయాయి. ముంజేతిలో పెద్ద కండలు మాత్రం బాగున్నాయి. కాబట్టి ఉన్నచోట తీసి లేనిచోట పెట్టాలి. ఒక వేలిని వంచడానికి రెండు స్నాయువులుంటాయి, కండని ఎముకకి కట్టి ఉంచే తెల్లటి తాళ్ళలాంటివి. అందులో ఒకదాన్ని వేలి దగ్గర తెంపి, అరచేతిలోకి లాగి, నిలువునా నాలుగు పాయలుగా చీల్చి, ఒక్కో పాయని ఒక్కో వేలి మొదట్లోంచి చర్మం కిందగా దూర్చి, ఆ చివర వేలి వెనకవైపు కుట్టాలి. బిగువు సరిగ్గా ఉండాలి. వదులైతే వేళ్ళు మళ్ళీ ముడుచుకుపోతాయి. బిగిస్తే వెనక్కి విరుచుకుపోతాయి. నాలుగు పాయలూ ఒకే బిగువు. వెంట్రుకంత తేడా వచ్చినా చేతికి తెలుస్తుంది.

చక్రాల కుర్చీలో కూర్చుని మొదట చెయ్యందిస్తూ, తర్వాత తనే కత్తి పట్టుకుని, మేరీ ఈ పని చేసింది. కాళ్ళు పోయాయి. చేతులు ఇంకా సర్జన్ చేతులే.

ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు పిండికట్టు. కట్టు విప్పాక అసలు పని మొదలు. నిన్నటిదాకా వేలిని వంచిన కండ ఇవాళ వేలిని చాపాలి. దానికా సంగతి తెలియదు. మెదడుకీ తెలియదు. పేషెంటు తన చెయ్యిని తనే కన్నార్పకుండా చూస్తూ కూర్చుంటాడు. వంచాలనుకో అంటుంది ఫిజియోథెరపిస్టు. అనుకుంటాడు. వేలు చాచుకుంటుంది. కంగారు పడతాడు. మళ్ళీ. మళ్ళీ. సర్జన్ రెండు గంటల్లో చేసి వెళ్ళిపోయినదాన్ని పేషెంటు రెండు నెలలు కూర్చుని సొంతం చేసుకోవాలి. ఈ రెండో పనికి మెడికల్ కాలేజీలో అప్పటికి విభాగం లేదు.

ఇక్కడ మేరీ సొంత ఒళ్ళు అడ్డం తిరిగింది.

తాళంచెవి తిప్పిన పిల్లాడి వేలుకీ, ఈ డాక్టరమ్మ తుంటికీ తేడా లేదు. రెండింటికీ నొప్పి తెలియదు. బాగున్న మనిషి కుర్చీలో కూర్చుంటే నిమిషానికోసారి తనకి తెలియకుండానే అటూ ఇటూ సర్దుకుంటాడు. తుంటి ఎముక కింద కండ నలిగి, నెత్తురందక, మంట పుట్టి, కదులు అని చెప్తుంది కాబట్టి. మేరీకి ఆ కబురు అందదు. రోజంతా పెద్దరోగం చేతుల్ని సరిచేస్తూ కూర్చుంటే సాయంత్రానికి తన ఒంటి మీద పుండు సిద్ధం. అది మానడానికి నెలలు. ఆ నెలలన్నీ బోర్లా పడుకోవాలి. అందుకే నడ్డి విరిగినవాళ్ళు గడియారం చూసి కదలడం నేర్చుకుంటారు. రెండు చేతులూ కుర్చీకి ఆనించి ఒళ్ళంతా పైకి లేపుతారు. దించుతారు. రాత్రి పడుకునే ముందు అద్దం పట్టుకుని వెనకభాగం చూసుకుంటారు, ఎక్కడైనా ఎర్రబడిందా అని. ఒళ్ళు చెప్పని సంగతి కంటితో అడిగి తెలుసుకోవాలి. ఇది రోజూ. బతికున్నంత కాలం.

వెన్నుకి మళ్ళీ ఆపరేషన్లు జరిగాయి. కొన్నాళ్ళు ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో శిక్షణ. అక్కడ తను పేషెంటు. కానీ పేషెంటు కళ్ళు డాక్టరు కళ్ళు కూడా. నడ్డి విరిగాక బతకడం నేర్పే ఇలాంటి చోటు మా ఊళ్ళో ఎందుకు లేదు?

జవాబు వెతుక్కుంటూ న్యూయార్క్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

తూర్పు 34వ వీధి. న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళ పునరావాస వైద్య సంస్థ. దాన్ని నడిపేది హోవార్డ్ రస్క్. మొదట్లో సెయింట్ లూయిస్‌లో మామూలు ఫిజీషియన్. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక ఆస్పత్రి అప్పజెప్పారు. జ్వరం తగ్గింది, కట్టు విప్పారు, అయినా సైనికులు వారాల తరబడి మంచాల మీద కప్పు చూస్తూ పడుకుని ఉన్నారు. ఇంటికి పంపితే మళ్ళీ జబ్బుతో తిరిగొస్తున్నారు. రస్క్ ఆ మంచాల దగ్గరికే పాఠాలు, కసరత్తులు తెచ్చాడు. యుద్ధం అయ్యాక ఆ ఆలోచనని విశ్వవిద్యాలయంలో పెట్టబోతే తోటి డాక్టర్లు పెదవి విరిచారు. రోగం రాకుండా చూడటం వైద్యంలో మొదటి దశ, వచ్చాక తగ్గించడం రెండోది, తగ్గాక మనిషిని బతుకులోకి పంపడం మూడోది అన్నది ఆయన వాదన. ఆ మూడోది డాక్టరు పని కాదన్నది పెద్దల అభిప్రాయం. ఆయన వినలేదు. 1951లో భవనం లేచింది.

ఆ భవనానికి పేరు తెచ్చిన పేషెంటు ఒకడున్నాడు. రాయ్ కాంపనెల్లా. బేస్‌బాల్‌లో మూడుసార్లు లీగ్ ఉత్తమ ఆటగాడు. 1958 జనవరిలో తెల్లవారుజామున ఇంటికెళ్తుంటే మంచు మీద కారు జారి స్తంభానికి కొట్టుకుంది. మెడ విరిగింది. అప్పటిదాకా అమెరికాలో కూడా ఇలాంటివాళ్ళు ఇంట్లో వెనక గదిలో ఉండేవాళ్ళు. ఈయన కుర్చీలో కూర్చుని టీవీల్లో కనిపించాడు.

ఆ సంస్థకే రాయవేలూరు డాక్టరమ్మ వచ్చింది. ఈసారి పేషెంటుగా కాదు. పాఠం నేర్చుకునే డాక్టరుగా.

అక్కడ వైద్యమంటే ఏమిటో చూస్తే మన పెద్దాస్పత్రుల డాక్టర్లు అప్పట్లో నవ్వేవాళ్ళు. పక్షవాతం వచ్చిన ఇల్లాలికి ఒంటిచేత్తో వంట చెయ్యడం నేర్పుతారు. కాలు తీసేసినాయనకి బస్సు మెట్టెక్కడం నేర్పుతారు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఒక పూట. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కారులోకి జరగడానికి వారాలు. ఇవన్నీ కొలుస్తారు, రాస్తారు, పోయిన వారం కంటే ఎంత మెరుగో లెక్కేస్తారు. డాక్టరు, ఫిజియోథెరపిస్టు, నర్సు, కట్టె కాలు చేసేవాడు, ఉద్యోగం వెతికిపెట్టే సోషల్ వర్కరు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక్క మనిషి గురించి మాట్లాడుకుంటారు. చలికాలం ఆ నగరంలో ఫుట్‌పాత్ అంచు ఎత్తు కూడా కుర్చీలో ఉన్నవాళ్ళకి కొండే. ఆ కొండలెక్కుతూనే మేరీ చదువు పూర్తి చేసింది.

ఉండిపోవచ్చు. లిఫ్టులున్న దేశం. 1962లో ఆమె తిరుగుదారి పట్టింది.

1963లో క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఫిజికల్ మెడిసిన్, రిహాబిలిటేషన్ విభాగాన్ని ఆమె చేతికిచ్చారు. బొంబాయిలో 1955లోనే ప్రభుత్వ కేంద్రం ఒకటి మొదలైంది. కానీ ఒక మెడికల్ కాలేజీలో, సర్జరీకీ ప్రసూతికీ ఉన్నట్టు దీనికీ ఒక విభాగం, దానికో అధిపతి ఉండటం కొత్త. ఆ అధిపతి చక్రాల కుర్చీలో రావడం ఇంకా కొత్త. మూడేళ్ళకి, 1966లో, ఊరి చివర బాగాయంలో కొండల పక్కన పేషెంట్లు ఉండి నేర్చుకునే పునరావాస కేంద్రం లేచింది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1986లో ఆమె పోయేనాటికి ఆ కుర్చీలో 30 ఏళ్ళకి పైనే గడిచాయి. ఈ అంకెలన్నీ ఒక్క పేరాలో అయిపోయాయి. అవతల వార్డులో మాత్రం ఒక్కో గుండీ దగ్గర ఒక్కో పూట పడుతోంది.

ఆ వార్డులోకి ఒక మనిషిని తీసుకొద్దాం. పేరక్కర్లేదు. ఇతను ఒక్కడు కాదు, అలా వచ్చినవాళ్ళందరి కష్టాన్నీ ఒకడి నెత్తిన పెడుతున్నాం. పలమనేరు వైపు మనిషి. చింతకాయలు దులపడానికి చెట్టెక్కాడు. కొమ్మ విరిగింది. నడుము విరిగింది. మన వైపు నడ్డి విరగడానికి కార్లూ మంచూ అక్కర్లేదు. చింతచెట్టు, తాటిచెట్టు, గట్టు లేని బావి చాలు. మంచం మీదనే ఎద్దులబండిలో రోడ్డుకి చేర్చి, అక్కణ్ణుంచి బస్సులో అడ్డంగా పడుకోబెట్టి తీసుకొచ్చారు. వచ్చేసరికే నడుము కింద పుండు. పుండు మానడానికే చాలా రోజులు పట్టింది. ఇన్నాళ్ళూ అతను పళ్ళ బిగువున ఒక ప్రశ్న దాచుకున్నాడు. పెద్ద డాక్టరమ్మ వస్తే అడగాలని.

వరండాలో చక్రాల చప్పుడు. ఇంకో పేషెంటనుకున్నాడు. కుర్చీ వచ్చి తన మంచం పక్కన ఆగింది. నర్సు లేచి నిలబడింది. ఫిజియోథెరపిస్టు కాగితాలు అందించింది. కుర్చీలో ఉన్నావిడ కాగితాలు చదువుతోంది. అప్పుడర్థమైంది అతనికి, పెద్ద డాక్టరమ్మ ఎవరో.

“నేను మళ్ళా నడస్తానా మా?” అని అడగాలనుకున్నాడు. నోటిదాకా వచ్చింది. ఆ కుర్చీ వైపు చూశాడు. ఈ ప్రశ్నకి అబద్ధం చెప్పాల్సిన పని లేని డాక్టరు ఈమె. అడగలేదు.

మర్నాటి నుంచి కసరత్తు. పొద్దున్నే చాప మీద. చేతులతో ఒళ్ళు లేపాలి. భుజాలు మండిపోతాయి. చేతులే ఇక కాళ్ళు, బండరాయిలా గట్టిపడాలి. పెళ్ళాం పక్కనే ఉంది. ఇక్కడ పేషెంటుతో పాటు ఇంటి మనిషికీ పాఠమే. రాత్రి ఎన్నిసార్లు తిప్పాలి, మూత్రం గొట్టం ఎలా శుభ్రం చెయ్యాలి, పుండు మొదలయ్యే ముందు చర్మం ఏ రంగు తిరుగుతుంది. ఆవిడ చదువుకోలేదు. ఒక్కటీ మర్చిపోలేదు.

ఒకరోజు ఫిజియోథెరపిస్టు అతన్ని కూర్చోబెట్టి ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

“అన్నా, మీ ఇంటి గడప ఎంత ఎత్తుంటుంది?”

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ దాటుతున్న గడప. ఎత్తెవడు చూశాడు?

“బెత్తెడుంటాదేమో మా,” అన్నాడు.

“జానెడుండాది,” అంది పెళ్ళాం. “పండక్కి పసుపు పూసేది నేను. నీకేం తెలుసు?”

తేలలేదు. బావమరిదికి కబురెళ్ళింది. మరుగుదొడ్డి ఎంత దూరం, బావి దగ్గర బురదుంటుందా, అరుగు ఎన్ని మెట్లు, బీడీలు చుట్టే పని దొరుకుతుందా, మేకలుంటే కట్టేసే కొయ్య ఎంత దూరంలో ఉంది, అన్నీ కనుక్కుని రమ్మన్నారు. నాలుగోరోజు బావమరిది బస్సు దిగి వచ్చాడు. చేతిలో నులకతాడు ముక్క. గడప ఎత్తు కొలిచి ముడేసుకొచ్చాడు.

ఫిజియోథెరపిస్టు ఆ తాడు తీసుకుని, పేషెంట్లు రోజూ కుర్చీ ఎక్కించడం నేర్చుకునే చెక్క మెట్టు పక్కన పెట్టింది. ముడి మెట్టు కంటే నాలుగు వేళ్ళు పైన ఉంది. పెళ్ళాం చెప్పిందే నిజం.

వడ్రంగిని పిలిచారు. మెట్టు మీద ఇంకో పలక పడింది. చింతచెట్టు మనిషి కుర్చీని నాలుగడుగులు వెనక్కి తీసుకున్నాడు. అరచేతులకి ఉమ్మి రాసుకున్నాడు. ముందు చక్రాలు గాల్లోకి లేపి, ఒక్క ఊపున తోశాడు. చక్రం పలక అంచుకి తగిలి, జారి, వెనక్కొచ్చేసింది.

“ముందుకి వంగన్నా,” అంది ఫిజియోథెరపిస్టు. “వెనక్కి వాలితే బోల్తా పడతావ్. ఇంకోసారి.”